బడి బాగుకు ఓటరు పూచీ: కాలిఫోర్నియా బాండ్లు చెబుతున్న పాఠం

అమెరికా అధ్యక్ష ఎన్నిక జరిగిన 2024 నవంబరు 5నే కాలిఫోర్నియా ఓటర్లు మరో ప్రశ్నకూ బ్యాలెట్‌పై సమాధానమిచ్చారు. ప్రభుత్వ పాఠశాలలు, కమ్యూనిటీ కళాశాలల భవనాల కోసం రాష్ట్రం 1,000 కోట్ల డాలర్లు అప్పు చేయవచ్చా అన్నది ఆ ప్రశ్న. 'ప్రపోజిషన్ 2' పేరిట వచ్చిన ఈ ప్రతిపాదనను స్పష్టమైన ఆధిక్యంతో ఆమోదించారు. 2020 మార్చిలో 1,500 కోట్ల డాలర్ల ప్రతిపాదనను తిరస్కరించింది కూడా ఈ రాష్ట్ర ఓటర్లే.

తాజా మొత్తంలో 850 కోట్ల డాలర్లు పాఠశాలలకు, 150 కోట్ల డాలర్లు కమ్యూనిటీ కళాశాలలకు దక్కుతాయి. ఈ అప్పు తీర్చడానికి 35 ఏళ్లపాటు ఏటా సుమారు 50 కోట్ల డాలర్లు అవసరమని రాష్ట్ర శాసనసభ విశ్లేషణ కార్యాలయం అంచనా వేసింది. అంటే అసలు, వడ్డీ కలిపి దాదాపు 1,750 కోట్ల డాలర్లు. నేడు బడిలో చేరే పిల్లలు పెద్దవారై పన్నులు కట్టే నాటికీ ఈ వాయిదాలు కొనసాగుతూనే ఉంటాయి.

రెండంచెల అప్పు

రాష్ట్ర బాండ్లను ప్రభుత్వ సాధారణ ఆదాయం నుంచి తీరుస్తారు. పాఠశాల జిల్లాలు విడిగా జారీ చేసే స్థానిక బాండ్ల భారం మాత్రం నేరుగా ఆస్తిపన్నుపై పడుతుంది. ఒకప్పుడు వీటికి మూడింట రెండు వంతుల ఓట్లు కావలసి వచ్చేది. 2000లో ఆమోదం పొందిన 'ప్రపోజిషన్ 39' ఆ పరిమితిని 55 శాతానికి తగ్గించింది. బదులుగా కొన్ని షరతులు విధించింది. చేపట్టే పనుల జాబితాను ముందే ప్రకటించాలి. ఆ సొమ్మును ఉపాధ్యాయుల జీతాలకు మళ్లించరాదు. ఏటా ఆడిట్ జరగాలి. పౌర పర్యవేక్షణ సంఘం ఉండాలి.

అయినా పొరపాట్లకు తావు లేకపోలేదు. శాన్ డియాగో సమీపంలోని పోవే పాఠశాల జిల్లా 2011లో చెల్లింపులను ఏళ్ల తరబడి వాయిదా వేసే బాండ్ల ద్వారా సుమారు 10.5 కోట్ల డాలర్లు సమీకరించింది. తిరిగి చెల్లించాల్సిన మొత్తం దాదాపు 100 కోట్ల డాలర్లకు చేరింది. దీనిపై చెలరేగిన విమర్శల నేపథ్యంలో 2013లో చేసిన చట్టం ఇటువంటి అప్పుల గడువును 25 ఏళ్లకు, తిరిగి చెల్లించే మొత్తాన్ని అసలుకు నాలుగు రెట్లకు పరిమితం చేసింది.

ఉన్న ఊరికే ఊతం

అసలు చిక్కు సమానత్వానిది. రాష్ట్ర నిధులు రావాలంటే సాధారణంగా జిల్లా తన వాటా సమకూర్చుకోవాలి. ఆ వాటా ఆ ప్రాంతంలోని ఇళ్లు, వాణిజ్య భవనాల విలువపై ఆధారపడుతుంది. అన్ని తరగతులూ నడిపే జిల్లా సాధారణంగా మదింపు విలువలో 2.5 శాతం వరకే బాండ్లు జారీ చేయగలదు. ఆస్తుల విలువ 1,000 కోట్ల డాలర్లున్న చోట 25 కోట్లు పుడితే, 100 కోట్లున్న చోట పుట్టేది రెండున్నర కోట్లే. పిల్లల సంఖ్య ఒకటే కావచ్చు, పైకప్పు కారడమూ ఒకటే కావచ్చు.

పేద జిల్లాలకు ఆధునికీకరణలో రాష్ట్ర వాటాను 60 నుంచి 65 శాతం వరకు పెంచే వెసులుబాటు 'ప్రపోజిషన్ 2'లో ఉంది. అంతరం పూడ్చడానికి ఇది చాలదన్నది విమర్శకుల వాదన.

అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇది దూరపు విషయం కాదు. హెచ్-1బి వీసాపై ఉంటూ ఇల్లు కొన్నవారు బాండ్ల భారం ఆస్తిపన్నులో మోస్తారు. పౌరసత్వం లేనందున ఆ బాండ్లపై ఓటు మాత్రం వేయలేరు.

ఇక్కడ పద్ధతి వేరు

తెలుగు రాష్ట్రాల్లో బడుల మరమ్మతు ప్రభుత్వ పథకాల రూపంలో సాగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 'నాడు-నేడు', తెలంగాణలో 2022లో 'మన ఊరు-మన బడి' మొదలయ్యాయి. 'నాడు-నేడు' పనుల్లో తల్లిదండ్రుల కమిటీలకు బాధ్యత అప్పగించారు. ఖర్చులో ప్రజలకు పాత్ర దక్కింది గానీ, ఎంత వెచ్చించాలో, ఎంత అప్పు చేయాలో వారిని నేరుగా అడిగే పద్ధతి లేదు. ప్రభుత్వం మారితే పథకం పేరు, ప్రాధాన్యం మారే అవకాశమూ ఉంటుంది. ఓటరు ఆమోదించిన బాండుకు ఆ బెడద తక్కువ.

కానీ ఓటు సమ్మతిని ఇస్తుందే తప్ప సమానత్వాన్ని ఇవ్వదు. బడి పైకప్పు ఊరి ఆస్తుల ధరపై ఆధారపడినంత కాలం, అవసరం ఎక్కువున్న చోటే నిధులు తక్కువ పడుతుంటాయి. అప్పుకు అనుమతి ఎవరివ్వాలన్న దానికి కాలిఫోర్నియా సమాధానం చెప్పింది. ఆ అప్పు ముందుగా ఏ బడికి చేరాలన్నది అక్కడా తేలవలసిన ప్రశ్నే.