మాత్ర మానేశా.. నార్మలే గదా!

పోయిన ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తే మా నాయన మంచి హుషారుగా ఉన్నాడు. "అబ్బయా, నువ్వు పంపిన మిషన్లో చూశా, నూటముప్పై బై ఎనభై ఒచ్చింది. ఇంక మాత్ర మానేశాలే!" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. ఆ నూటముప్పై వచ్చిందే మాత్ర వల్ల కదా స్వామీ!

మాది నెల్లూరు జిల్లాలో మైపాడు దగ్గర ఒక పల్లె. నాయనకి రొయ్యల గుంటలున్నాయి. తెల్లారకముందే గుంట మీదికి పోయి చెక్ ట్రేలు ఎత్తి మేత మిగిలిందా లేదా చూస్తాడు. సీసాలో నీళ్ళు పట్టి ల్యాబుకి తీసుకుపోయి ఉప్పదనం ఎంత, పీహెచ్ ఎంత అని రాయించుకొస్తాడు. రాత్రి కరెంటు పోతే పరిగెత్తుకెళ్ళి జనరేటర్ వేసి ఏరేటర్లు తిప్పిస్తాడు, ఆక్సిజన్ పడిపోతే పొద్దునకి రొయ్యలన్నీ తేలిపోతాయి మరి. "ఆక్సిజన్ బాగానే ఉంది కదా, ఇంక ఏరేటర్లు ఆపేద్దాం" అని ఆయన ఒక్కరోజు కూడా అనగా నేను వినలేదు. అదే మనిషి తన బీపీ దగ్గరికొచ్చేసరికి సరిగ్గా ఆ పనే చేశాడు. గుంటలో ఉప్పు ఎంతుందో లెక్క తెలుసు, కంచంలో ఎంతుందో తెలీదు. పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే సుమారు ఒక టీ స్పూను. మా ఇంట్లో ఎండుచేపల పులుసు, పక్కన ఆవకాయ, పైన అప్పడం ఉన్న రోజు ఆ స్పూను మధ్యాహ్నానికే అయిపోతుంది :-)

ఇదేదో మా నాయన ఒక్కడి తిక్క అనుకునేరు. 2021 మే గుర్తుందా? అప్పుడు నేను వర్క్ ఫ్రం హోం పేరుతో ఊళ్ళోనే ఉన్నా. మాకు దగ్గర్లోనే, ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలల్లో జనం ఎగబడ్డారు. కరోనా కాలంలో ఒకరి మీద ఒకరు పడుతూ క్యూలు! చివరికి మే 31న కంటి చుక్కలు తప్ప మిగతా మందులు ఇచ్చుకోవచ్చని ప్రభుత్వం అనుమతిచ్చింది. ఆ మందు మంచిదా చెడ్డదా అన్న గొడవలోకి నేను పోను, దాని మీద అప్పట్లోనే బోలెడు రాతలొచ్చాయి. నా బాధ వేరు. కరోనా వస్తే బీపీ, షుగరు ఉన్నవాళ్ళకే ప్రమాదం ఎక్కువని ఆ రోజుల్లో టీవీలు చెవులు చిల్లులు పడేలా మొత్తుకున్నాయి. ఒక్కసారి మింగితే పని అయిపోయే మందు కోసం ఎండలో గంటలు గంటలు నిలబడిన మా ఊరివాళ్ళలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇచ్చే బీపీ మాత్రలకి నెలనెలా పోయేవాళ్ళు ఎంతమందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా పెదనాయన ఆ లెక్కలో లేడు.

ఆయనకి కూడా బీపీ "నార్మల్"కి వచ్చింది. ఆయన కూడా మానేశాడు. "అలవాటు చేసుకుంటే జన్మంతా మింగాల" అనేవాడు. రెండేళ్ళ తర్వాత ఒక ఎండాకాలం మధ్యాహ్నం గుంటల దగ్గర్నుంచి వచ్చి మంచమ్మీద కూర్చుంటే మాట తడబడింది, మూతి ఓ పక్కకి పోయింది. ఇంట్లోవాళ్ళు ఎండదెబ్బ అనుకుని ఉప్పేసిన మజ్జిగ తాగించి పడుకోబెట్టారు. సాయంత్రానికి కుడిచెయ్యి లేవలేదు. అప్పుడు కారు మాట్లాడుకుని నెల్లూరు. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ ఒకటుంది, అది పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. మజ్జిగ తాగి నిద్రపోయిన మనిషికి ఆ గడువు దాటిపోయింది. ఇప్పుడు పెదనాయన ఎడంచేత్తో అన్నం తింటాడు. వల అల్లడంలో ఆయనంత నేర్పరి మా ఊళ్ళో లేడనేవాళ్ళు.

దగ్గరుండి ఇదంతా చూసిన మా నాయన, ఆయన సొంత తమ్ముడు, ఇవాళ "మాత్ర మానేశా" అంటున్నాడు!

సరే, పెద్దవాళ్ళని అన్నది చాలు. అసలు తిట్లు తినాల్సింది మనం. హైదరాబాదులోనో బెంగుళూరులోనో కూర్చుని మనం చేసేదేంటి? అమెజాన్లో బీపీ మిషను ఆర్డర్ పెడతాం. పేరెంట్స్ ఇన్సూరెన్స్‌కి జీతంలో కోత పెట్టించుకుంటాం. పుట్టినరోజుకి మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీ కొంటాం. టికెట్ క్లోజ్! ఇన్సూరెన్స్ ఆసుపత్రిలో చేరితే పనికొస్తుంది, మరి చేరకుండా చేసే మాత్ర సంగతి? ఆమ్లోడిపిన్ ఒక స్ట్రిప్ ఖరీదు మనం వీకెండ్లో తాగే ఒక కాఫీ అంత కూడా ఉండదు. దానికి కావాల్సింది డబ్బు కాదు, రోజూ అడిగే నోరు.

బీపీ అనేది ప్యాచ్ వేసి మర్చిపోయే బగ్ కాదండీ. రాత్రిపూట లాగ్‌లు తుడిచే క్రాన్ జాబ్ లాంటిది. ఒకరోజు నడవకపోతే ఎవడికీ తెలీదు, అన్నీ పచ్చగానే కనిపిస్తాయి. డిస్కు నిండి సర్వరు కూలినప్పుడు అందరూ లేచి కూర్చుంటారు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, రక్తనాళాల గోడలు మాత్రం లోపల్లోపల ఏళ్ళ తరబడి దెబ్బతింటుంటాయి. నార్మల్ వచ్చిందంటే జాబ్ నడుస్తోందని అర్థం. డోసు తగ్గించాలన్నా, ఆపాలన్నా చెప్పాల్సింది డాక్టరు. మిషన్లో అంకె కాదు.

ఇంత వాగుతున్నా కదా, నా సంగతి కూడా చెప్పేస్తా. ఆర్నెల్ల క్రితం ఆఫీసు హెల్త్ క్యాంపులో నాది 146/94 వచ్చింది. 140/90 దాటితే ఎక్కువ కిందే లెక్క, మళ్ళీ చూపించుకోమన్నారు. "రిలీజ్ టెన్షన్లే" అనుకుని ఆ కాగితం డెస్కు సొరుగులో పడేశా. ఇంకా ముప్పై కూడా నిండలేదు నాకు. ఈ పోస్టు రాయడానికి కూర్చున్నాక సిగ్గేసి మొన్న వెళ్ళా: 142/92. వారం రోజులు ఇంట్లో పొద్దున, సాయంత్రం చూసి రాసుకు రమ్మన్నాడు డాక్టరు. మిషను మాత్రం ఊళ్ళో ఉంది, నాకోసం ఇంకోటి కొన్నా.

నిన్న రాత్రి ఎనిమిదిన్నరకి నాయనకి ఫోన్ చేశా.

"ఏరేటర్లు తిరుగుతున్నాయా నాయనా?"

"తిరగతా ఉండాయి. ఏంది ఈ యాళప్పుడు చేశా?"

"మాత్ర?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వెనకనుంచి అమ్మని కేకేయడం వినబడింది, "ఆ డబ్బా యాడ పెట్టినావే" అని.

ఇవాళ మళ్ళీ చెయ్యాలి.