నావికుని చేవ్రాలు

ఒప్పందముపై చేవ్రాలు చేసినవాడు అందలి ప్రతి షరతునకును బద్ధుడేయని విదేశ నౌకల యజమానులును, వారి ఏజెంట్లును ఘంటాపథముగా పలుకుచుందురు. వినుటకు వాదము నిర్దుష్టముగనే యున్నది. కాని ఆ చేవ్రాలు ఎట్టివేళ చేయింపబడుచున్నదో విచారింపుడు. రేపల్లె ప్రాంతపు యువకుడు శిక్షణకై అప్పుచేసి, ముంబయిలో వారములతరబడి వేచి, ప్రయాణమునకు ముందునాడు పుటలకొలది ఆంగ్లపత్రమును చేతబట్టును. తగవులు ఏ పరదేశమందో మధ్యవర్తుల యెదుట తీరవలెనను వాక్యము అందెచ్చటనో అణగియుండును. నిజాంపట్టణమునకు 1611లోనే ఆంగ్లేయుల గ్లోబు నౌక వచ్చినది. ఓడబేరములు మన సీమకు క్రొత్తవి కావు. బేరమున మోసపోవుటయు క్రొత్తది కాదు.

సంతకమునకు ముందు పత్రమును పరిశీలించి సలహా పొందుటకు నావికునికి అవకాశమీయవలెనని 2006లో జెనీవాయందు అంగీకరింపబడిన నావిక కార్మిక ఒడంబడిక శాసించుచున్నది. మన ప్రభుత్వము 2015లో దానిని ధ్రువపరచినది. ఉద్యోగము చూపినందులకు రుసుము గొనరాదనియు అందే కలదు. గుంజువారు గుంజుచునే యున్నారు.

అసలు క్రౌర్యము అంగవైకల్యము కలిగినపుడు బయటపడును. యంత్రశాలలో చేయి నలిగినవానిని ఇంటికి పంపుదురు. కంపెనీ వైద్యుడు స్వల్పగాయమనును. ఊరి వైద్యుడు వీడిక ఓడపనికి పనికిరాడనును. ఇంతలో ఏజెంటు కొద్దిపాటి సొమ్మును, పూర్తి చెల్లురశీదును కలిపి ముందుంచును. ఒప్పందపు మొత్తమును జాగుసేయక పూర్తిగా చెల్లింపవలెననియు, తక్కువకు ఒప్పుకొమ్మని ఒత్తిడి చేయరాదనియు, వైకల్యమెంతయో తేలనిచో మధ్యంతరముగా కొంత ఈయవలెననియు 2017 జనవరి 18 నుండి అమలునకు వచ్చిన సవరణలు చెప్పుచున్నవి. ఈ సంగతి నెరుగని కుటుంబమునకు రశీదే దిక్కగుచున్నది.

మన చట్టమును మూగది కాదు. 2025 వరకు అమలునందుండిన 1923 నాటి పరిహార చట్టము నావికుని పేర్కొనియే యుండెను. పరిహారపు హక్కును వదలుకొను ఒప్పందము చెల్లదని దాని 17వ సెక్షను చెప్పెను. నావికుడు మరణించినచో సొమ్మును కమిషనరువద్ద జమకట్టవలసియుండెను. వితంతువు చేతిలో నాలుగు నోట్లు పెట్టి వేలిముద్ర గొనుట పరిహారము కానేరదు. అయితే వార్త అందిన ఏడాదిలోపల క్లెయిము చేయవలెను. ఏడ్పు తీరునందాక గడువు ఆగదు.

“జెండా పరదేశముది, కంపెనీ పరదేశముది, చట్టము మాత్రము భారతీయమా?” యని వకీళ్లు ప్రశ్నింతురు. అయ్యా, నలిగిన చేయి ఏ దేశముది? ఆ చేతిని కుదిర్చిన ఏజెంటు కార్యాలయము ఏ దేశమందున్నది? ఫిలిప్పీన్సు ప్రభుత్వము తన నావికులకు తానే ప్రమాణపత్రమును వ్రాసి, వైకల్యమును 14 తరగతులుగా విభజించి వెల కట్టినది. 1958 నాటి వర్తక నౌకా చట్టమునకు మారుగా 2025లో క్రొత్త చట్టము చేసిన పార్లమెంటు దేశము అంతకంటె చేతగానిదా? లైసెన్సు పొందిన ఏజెంటు యజమానితోపాటు బాధ్యుడు కావలెను. విచారణ నావికుని జిల్లాలోనే జరుగవలెను. పత్రపు ప్రతి తెలుగున ఈయవలెను. నియమములలో ఈ మూటిని చేర్పింపని మన ప్రతినిధులను ఓట్లవేళ అడుగుదము.

అంతదనుక తెనాలి, బాపట్ల, రేపల్లె పఠనమందిరములవారు లైసెన్సు గల ఏజెంట్ల జాబితాను గోడకంటింపవలెను. ఇచ్చటి న్యాయవాదులు వారమునకొక సాయంకాలము అచ్చట కూర్చుండి, తెచ్చినవారి పత్రమును చదివి తెలుగున చెప్పుదురు గాక. ఫీజు మాట అటుపిమ్మట చూచుకొనవచ్చును.