గోడలకు బీమా, గిన్నెలకు నామం

మా శ్రీవారి స్కూటరుకి బీమా ఉంది. లేకపోతే రోడ్డెక్కకూడదు, చట్టం అలాంటిది. కడుపు కట్టుకుని కట్టుకున్న ఇంటికి మాత్రం బీమా ఉండి తీరాలని ఏ చట్టమూ అనదు. "స్కూటరు ఎదుటివాణ్ణి గుద్దుతుంది, ఇల్లు ఎవర్ని గుద్దుతుందే?" అంటారాయన. నిజమే. కానీ ఇంటిని గుద్దేవి ఉన్నాయి కదా! విశాఖపట్నం వాళ్ళకి 2014లో హుద్‌హుద్ తుఫాను ఆ సంగతి చెప్పింది. విజయవాడ వాళ్ళకి 2024 సెప్టెంబరులో బుడమేరు చెప్పింది.

మా చెల్లెలిది అక్కడే, సింగ్ నగర్‌లో కింది వాటా. నీళ్ళు తీశాక నేను వెళ్ళేసరికి ఇల్లు నిక్షేపంలా నిలబడి ఉంది. గోడకి నడుమెత్తున బురద చార తప్ప ఒక్క బీట లేదు. లోపల మాత్రం చూడలేకపోయాను. తలుపు రాని బీరువా, బోర్లాపడ్డ ఫ్రిజ్జు, నీళ్ళు పీల్చి ఏనుగుపిల్లంత బరువెక్కిన పరుపులు, గ్రైండరు, కుట్టు మిషను, కంపు కొడుతున్న బియ్యం బస్తా. పెళ్ళినాటి పట్టుచీరలైతే రంగులన్నీ ఒకదాంట్లోకొకటి దిగిపోయి ఏది ఏదో తెలియలేదు. అయినా చెల్లెలు ఏడవలేదు. "ఇంటికి ఇన్సూరెన్సుందిగా అక్కా, లోను తీసుకున్నప్పుడు బ్యాంకులోనే కట్టించుకున్నారు" అంది ధీమాగా.

మరిది నకలు తెచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని నేనే చదివాను. బీమా ఉంది. వరదకీ ఉంది. కానీ గోడలకి, కప్పుకి, నేలకి! సామాను ఊసే లేదు.

ఎందుకుంటుందమ్మా? బ్యాంకు అప్పిచ్చింది గోడల్ని చూసి. గోడ కూలితే మునిగేది దాని డబ్బు. అందుకని గోడకి బీమా చేయించింది, మన ఖర్చుతో. పైగా వచ్చే సొమ్ము ముందు తనకే చెల్లాలని ఓ వాక్యం కూడాను. మన పక్కా ఇళ్ళల్లో వరద గోడల జోలికి అంతగా పోదు. వంటిల్లూ, బీరువా మింగి పోతుంది. ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్ళకి 25,000 రూపాయలిచ్చింది, కాదనను. దాంతో ఫ్రిజ్జు కొంటే పరుపుల్లేవు, పరుపులు కొంటే ఫ్రిజ్జు లేదు.

నియమాలు లేకనా? లక్షణంగా ఉన్నాయి. బీమా కంపెనీల మీద పెద్దరికం చేసే ఐఆర్‌డీఏఐ ఎక్కడో ఢిల్లీలో కాదు, మన హైదరాబాదులోనే ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' అనే పాలసీని అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మాలని ఉత్తర్వు వేసింది. ఇల్లూ, సామానూ కలిపి తీసుకుంటే గరిటెలు లెక్కపెట్టి జాబితా రాయక్కర్లేదు. ఇంటికి రాసిన మొత్తంలో 20 శాతం, 10 లక్షలు మించకుండా, సామానుకి చెందుతుంది. అంటే 20 లక్షల ఇంటికి 4 లక్షలు! ఇంటి విలువంటే స్థలం ధర కాదు, మళ్ళీ కట్టడానికయ్యే ఖర్చే. తక్కువకి రాయించుకున్నారనే వంకతో క్లెయిములో కోత పెట్టడానికీ వీల్లేదు. అద్దెకున్నవాళ్ళు ఉత్త సామానుకే తీసుకోవచ్చు. నగలకి మాత్రం విడిగా చెప్పుకోవాలి. మామూలు దొంగతనం ఇందులోకి రాదు. ఏ వరదో అగ్గో వచ్చాక, దాని మూలంగా 7 రోజుల్లోపు జరిగితేనే వస్తుంది.

ఇంత మంచి నియమం మా చెల్లెలి గడప ఎందుకు తొక్కలేదు? కంపెనీని అమ్మమంది గానీ, లోను బల్ల దగ్గర కూర్చున్నాయన్ని "సామానుకి కూడా కావాలా అమ్మా?" అని అడిగి తీరమనలేదు కనుక. "ఇక్కడ, ఇక్కడ, మళ్ళీ ఇక్కడ" అని వేలు పెట్టి చూపించారట, ఇది పెట్టేసిందట సంతకాలు.

చదవకుండా పెట్టడం మీ తప్పు కాదా అంటారు. సగం ఒప్పుకుంటాను. పావుకిలో వంకాయలకి పుచ్చులున్నాయేమోనని ఒక్కొక్కటే తిప్పి చూసే మనం, ఇరవై ఏళ్ళ అప్పు కాగితాన్ని తిప్పనైనా తిప్పం. కానీ చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్ని ఆ బల్ల దగ్గర ఎవరు చదవనిస్తారు? వెనక ఇంకో నలుగురు నిలబడి ఉంటారాయె!

నేనడిగేది ఒక్కటే. సామాను వదిలేసి పాలసీ రాస్తే, "మా ఇంట్లో సామానుకి బీమా వద్దు" అని ఇంటావిడ చేత తెలుగులో, సొంత దస్తూరీతో రాయించుకోవాలి. ఆ కాగితం లేకపోతే సామానుకి కూడా ఉన్నట్టే లెక్క కట్టాలి. ప్రీమియం పెరుగుతుందని గోల పెడతారా? పెరిగేదెంతో చెప్పమనండి. అక్కర్లేనివాళ్ళు వద్దనే రాస్తారు. ఆ నియమం రాయడానికి కంపెనీలు ఒప్పుకోవంటే, స్కూటర్ల సంగతిలో ఎవర్నడిగి రాశారో చెప్పమనండి.

చెల్లెలు కిందటేడు సామానుకి విడిగా పాలసీ తీసుకుంది. కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టి, అటక మీద దాచింది. మా ఇంటి పాలసీ ఎక్కడుందని ఆ రాత్రే అడిగాను. మా శ్రీవారు ఇంకా వెతుకుతున్నారు.