వార్డులు మారినప్పుడల్లా ఎన్నికలకు బ్రేక్.. హైదరాబాద్‌లో మళ్లీ అదే కథ?

గ్రేటర్ హైదరాబాద్ పాలకమండలి గడువు 2026 ఫిబ్రవరి 10తో ముగిసింది. రాజ్యాంగం ప్రకారం ఆలోపే కొత్త పాలకమండలిని ఎన్నుకోవాలి. కానీ జరిగింది వేరు. కార్పొరేటర్లు మాజీలయ్యారు, పాలన ప్రత్యేకాధికారి చేతికి వెళ్లింది. కారణం అందరికీ తెలిసిందే.. నగర పునర్వ్యవస్థీకరణ.

2025 డిసెంబర్‌లో శివారులోని 20 మున్సిపాలిటీలు, 7 కార్పొరేషన్లు జీహెచ్ఎంసీలో కలిశాయి. 150 వార్డులు కాస్తా 300 అయ్యాయి. ఆ తర్వాత ఇదే మహానగరాన్ని గ్రేటర్ హైదరాబాద్, సైబరాబాద్, మల్కాజిగిరి పేర్లతో మూడు కార్పొరేషన్లుగా విడదీశారు. కలపడం మంచిదా, విడదీయడం మంచిదా అన్నది ఒక చర్చ. ఓటు ఎందుకు ఆగాలన్నది మాత్రం పూర్తిగా వేరే చర్చ. మన దగ్గర ఈ రెండూ కలిసిపోతున్నాయి. అసలు సమస్య అక్కడే ఉంది.

ఇది మొదటిసారి కాదు

2007 ఏప్రిల్‌లో పాత ఎంసీహెచ్‌కు 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి జీహెచ్ఎంసీని ఏర్పాటు చేశారు. తొలి ఎన్నికలు జరిగింది మాత్రం 2009 నవంబర్‌లో. అంటే రెండున్నరేళ్లు అధికారుల పాలనే. ఆ పాలకమండలి గడువు 2014 డిసెంబర్‌లో ముగిస్తే తర్వాతి ఎన్నికలు 2016 ఫిబ్రవరిలో జరిగాయి. అప్పుడూ వార్డుల పునర్విభజన కసరత్తే నడిచింది. చివరికి వార్డులు 150 దగ్గరే ఆగాయి, ఏడాదికి పైగా కాలం మాత్రం గడిచిపోయింది.

విశాఖ కథ ఇంకా పెద్దది. జీవీఎంసీ పాలకమండలి గడువు 2012లో ముగిసింది. ఆ మరుసటి ఏడాది అనకాపల్లి, భీమిలి మున్సిపాలిటీలను కలిపారు. విశాఖ ఓటరు మళ్లీ కార్పొరేటర్‌ను ఎన్నుకున్నది 2021 మార్చిలో! మధ్యలో తొమ్మిదేళ్లు. ఈ కాలంలో ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి. పద్ధతి మాత్రం మారలేదు. అధికారంలో ఉంటే వాయిదా, ప్రతిపక్షంలో ఉంటే ఆందోళన.. అన్ని పార్టీలదీ ఇదే దారి.

బెంగళూరులోనూ ఇంతే. 2020 సెప్టెంబర్‌లో బీబీఎంపీ పాలకమండలి గడువు ముగిసింది. వార్డుల సంఖ్యను 198 నుంచి 243కు పెంచారు, మళ్లీ 225కు తగ్గించారు. 2025 సెప్టెంబర్‌లో నగరాన్ని ఏకంగా ఐదు కార్పొరేషన్లు చేశారు. ఈ ఐదేళ్లలో ఒక్క ఎన్నికా జరగలేదు.

చట్టం ఏం చెబుతోంది?

రాజ్యాంగంలోని 243యూ అధికరణ ఇందులో చాలా స్పష్టంగా ఉంది. మున్సిపాలిటీ గడువు ఐదేళ్లే, అంతకు మించి ఒక్కరోజు కూడా లేదు. గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తి కావాలి. అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో 2006లోనే సుప్రీంకోర్టు ఈ గడువు పాటించి తీరాల్సిందేనని తేల్చింది. 2022లో మధ్యప్రదేశ్ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది.. వార్డుల పునర్విభజన పూర్తి కాలేదన్న కారణంతో ఎన్నికలు ఆపడానికి వీల్లేదని.

మరి ఎందుకు ఆగుతున్నాయి? చాలా రాష్ట్రాల్లో ఎన్నికలు పెట్టేది రాష్ట్ర ఎన్నికల సంఘం. వార్డుల సంఖ్య, సరిహద్దులు, రిజర్వేషన్లు ఖరారు చేసేది మాత్రం ప్రభుత్వం. ఆ జాబితాలు చేతికి రాకపోతే ఎన్నికల సంఘం నోటిఫికేషన్ ఇవ్వలేదు. అంటే తాళం ఒకరి దగ్గర, తాళంచెవి ఇంకొకరి దగ్గర!

ప్రభుత్వ వాదనలోనూ పస ఉంది

అలాగని పునర్వ్యవస్థీకరణే తప్పనలేం. ఔటర్ రింగ్ రోడ్డు వరకు నగరం ఎప్పుడో పాకిపోయింది. రోడ్డుకు ఇటువైపు ఒక మున్సిపాలిటీ, అటువైపు మరొకటి. నాలా మాత్రం రెండింటి మీదుగా పోతుంది. వరద వస్తే బాధ్యత ఎవరిదో తేలదు. కొన్ని వార్డుల్లో జనం కిక్కిరిసి ఉంటే మరికొన్ని చాలా చిన్నవి. పాత హద్దులతోనే ఎన్నికలు పెట్టేస్తే మరో ఐదేళ్లు ఇదే తిప్పలన్నది అధికార పక్షం మాట. ఇందులో నిజం లేకపోలేదు.

కానీ గడువు ఎప్పుడు ముగుస్తుందో ప్రభుత్వానికి ఐదేళ్ల ముందే తెలుసు. విలీనం గడువు ముగియడానికి రెండు నెలల ముందు జరిగింది. ఇదే పని రెండేళ్ల ముందు మొదలుపెట్టి ఉంటే ప్రజల అభ్యంతరాలు వినడానికీ, సరిదిద్దడానికీ టైం ఉండేది. ఎన్నికలూ సమయానికి జరిగేవి.

నష్టం ఎవరికి?

జీహెచ్ఎంసీ 2025-26 బడ్జెట్ రూ.8,440 కోట్లు. ఇలాంటి బడ్జెట్‌పై పాలకమండలిలో చర్చ జరగాలి, కార్పొరేటర్లు ప్రశ్నలు వేయాలి. ప్రత్యేకాధికారి ఉన్నప్పుడు ప్రతిపాదించేదీ, ఆమోదించేదీ అధికార యంత్రాంగమే. వీధి దీపం వెలగకపోయినా, డ్రైనేజీ పొంగినా జనం కార్పొరేటర్ ఇంటికెళ్లి నిలదీయగలరు. ప్రత్యేకాధికారిని నిలదీయడం అంత తేలిక కాదు, ఆయనకు వార్డు ఓట్లతో పనీ లేదు.

డబ్బు నష్టం కూడా ఉంది. ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే స్థానిక సంస్థలకు గ్రాంట్లు ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం షరతు పెట్టింది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ దాకా సర్పంచులు లేరు. అక్కడ ఎన్నికలు ఆగింది బీసీ రిజర్వేషన్ల వివాదంతో. కారణం వేరైనా ఫలితం ఒక్కటే.. కేంద్రం నుంచి రావాల్సిన గ్రాంట్లు నిలిచిపోయాయి.

కేరళ ఎలా చేసింది?

దీనికి దారి లేదా అంటే ఉంది. కేరళలో వార్డుల విభజన చేసే కమిషన్‌కు రాష్ట్ర ఎన్నికల కమిషనరే అధ్యక్షుడు. అక్కడ కూడా వార్డులు పెరిగాయి, హద్దులు మారాయి, విమర్శలూ వచ్చాయి. అయినా పని ముందే ముగించి 2025 డిసెంబర్‌లో రెండు దశల్లో స్థానిక ఎన్నికలు నిర్వహించారు.

తెలుగు రాష్ట్రాలు చేయాల్సిందీ ఇదే. వార్డుల విభజన బాధ్యతను ఎన్నికల సంఘానికి అప్పగించాలి. గడువుకు ఏడాది ముందు నుంచి హద్దులు మార్చకూడదని చట్టంలోనే రాయాలి. అప్పటికీ పని పూర్తికాకపోతే పాత వార్డులతోనే పోలింగ్ పెట్టాలి.

నగరం మ్యాప్ ఎలా ఉండాలన్న దానిపై పార్టీలు ఎంతకాలమైనా వాదించుకోవచ్చు. ఆ వాదన తేలేవరకు ఓటరు క్యూలో నిలబడి ఎదురుచూడాలని మాత్రం రాజ్యాంగంలో ఎక్కడా లేదు.