కొన్న ప్రాజెక్టా, డబ్బా యాంటెన్నానా?

ఫైనలియర్ వచ్చిందంటే కాలేజీల్లో ఒకటే ప్రశ్న: ప్రాజెక్టు ఎక్కడ కొందాం? డబ్బులిస్తే కోడు, రిపోర్టు, పీపీటీ అన్నీ చేతికొస్తాయి. ఇంటర్వ్యూలో 'ఈ అంకె ఎలా వచ్చింది?' అని అడిగితే మాత్రం నోరు పెగలదు.

డోన్‌లో ఈసీఈ, డిప్లొమా చదివే పిల్లలు మిద్దె మీదే చేయదగ్గ ప్రాజెక్టు ఒకటుంది. వైఫైకి డబ్బా యాంటెన్నా. కావాల్సింది 9 సెంటీమీటర్ల వ్యాసం, కనీసం 15 సెంటీమీటర్ల పొడవున్న రేకు డబ్బా, ఒక ఎన్-కనెక్టర్, రాగి తీగ ముక్క, యాంటెన్నా విప్పే వీలున్న పాత రౌటర్, దానికి కలిపే పొట్టి కేబుల్. కేబుల్ పొడవైతే పెరిగిన సిగ్నల్‌ను అదే మింగేస్తుంది.

తీగ పొడవు 3.1 సెంటీమీటర్లు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.3 సెంటీమీటర్లు కదా, అందులో నాలుగో వంతు. మరి తీగను డబ్బా అడుగు నుంచి 5.1 సెంటీమీటర్ల దూరంలో ఎందుకు పెట్టాలి? డబ్బా లోపల తరంగం సాగుతుంది, దాదాపు 20.5 సెంటీమీటర్లవుతుంది. దాంట్లో నాలుగో వంతన్నమాట. డబ్బా వ్యాసం 8 సెంటీమీటర్లయితే ఆ దూరం 7 దాటుతుంది. వేవ్‌గైడ్ పాఠం బట్టీ పట్టినోళ్లకు ఇది తట్టదు, రేకుకు రంధ్రం వేసినోళ్లు మర్చిపోరు.

అసలు పని పరీక్షలోనే ఉంది. రౌటర్‌ను ఒక మిద్దె మీద పెట్టి, వంద మీటర్ల అవతల ఇంకో మిద్దె మీద ల్యాప్‌టాప్ పెట్టండి. మధ్యలో చెట్టూ గోడా ఉండకూడదు. ఎత్తు, ఛానెల్ మార్చకుండా ముందు రౌటర్ యాంటెన్నాతో, తర్వాత డబ్బాతో పదేసి రీడింగులు రాసుకోండి. ఉదాహరణకు మైనస్ 72 కాస్తా మైనస్ 64 డీబీఎం అయిందంటే, అందిన శక్తి ఆరు రెట్లు పైమాటే. డబ్బాను మెల్లగా తిప్పుతూ ఏ కోణంలో ఎంత పడిపోతోందో కూడా రాయండి. తీగ నిలువుగా ఉండాలి. అడ్డంగా తిరిగితే సిగ్నల్ దెబ్బతింటుంది.

ఇది పిల్లాటేం కాదు. పశ్చిమ గోదావరి పల్లెల్లో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' ప్రాజెక్టు నడిచింది ఇలాంటి దూరపు వైఫై లింకుల మీదే. వాళ్లవి టవర్లు, పెద్ద యాంటెన్నాలు. సూత్రం మాత్రం ఇదే. 2005 నుంచి మన దేశంలో ఈ బ్యాండుకు లైసెన్సు అక్కర్లేదు, శక్తి పరిమితి దాటకపోతే చాలు.

డబ్బాతో ఉద్యోగం వస్తుందని మేం చెప్పం. రీడింగులు తగ్గినా దాచకండి. టంకం వదులైందా, తీగ పొడవెక్కువైందా అని వెతికిన తీరు రిపోర్టులో ఉంటే, ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆ పేజీ దగ్గరే ఆగి అడుగుతారు.