బోధన్ దాకా పరుగు

పరుగెత్తి పాలు తాగడంకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు మన పెద్దలు. తరగతిలో ఈ సామెత చెప్పినప్పుడల్లా వెనక బెంచీ కుర్రాడెవడో ఒకడు, "మెల్లగా పరుగెత్తి పాలు తాగితే ఏం సార్?" అంటాడు. వాడి మాటలో న్యాయం లేకపోలేదు.

మా కళాశాలలో అర్థశాస్త్రం చెప్పే మిత్రులొకరున్నారు. వయసు నలభై రెండు. మూడేళ్ళుగా మధుమేహం. ఒకప్పుడు మన చక్కెర బోధన్‌లో తయారై ఊరూరికీ వెళ్ళేది. 2015 డిసెంబరులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మూతపడింది గాని, మన ఇళ్ళలో చక్కెరకేం కొదవ లేదు. డబ్బాలోంచి నెత్తుట్లోకి చేరిందంతే! సరే, వ్యాయామం మంచిదని డాక్టరు చెప్పగా, మా మిత్రులు ఏకంగా హైదరాబాదు మారథాన్‌కే ముహూర్తం పెట్టారు. పది వారాల వ్యవధి. "మీరూ రారాదుండ్రి సార్!" అని నాకూ ఆహ్వానం.

సాయంత్రం ఆయన ఇల్లాలు మా ఇంటికి వచ్చింది. "అన్నయ్యగారూ, మా మామగారు యాభై రెండో ఏట గుండెపోటుతో పోయారు. మీరైనా చెప్పండి," అంది. ఆ మాటతో నాకు నవ్వు పోయింది.

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. నిజామాబాదులో బయలుదేరి బోధన్ చేరి, వెనుదిరిగి మళ్ళీ సగం దారికి పైగా రావాలి. బస్సులో వెళ్తేనే ఎడపల్లి రాకముందే మనకు కునుకు పడుతుంది కదా!

"మన జిల్లా పిల్ల పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కలేదా?" అన్నారాయన. ఎక్కింది. పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న శిఖరం చేరింది. కాని ఆ అమ్మాయి మొదట ఎక్కింది భువనగిరి గుట్ట. తర్వాత డార్జిలింగ్ కొండలు, ఆపైన లడఖ్ చలి. ఎవరెస్టు ఆ తర్వాత. ఇది చెప్పాక మిత్రులు కాస్త మెత్తబడ్డారు.

కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్ళను మోసం చేసేది ఊపిరే. కొద్ది వారాలకే ఆయాసం తగ్గుతుంది, ఇక నాకేమనిపిస్తుంది. ఎముకలూ, కండరాలను ఎముకకు పట్టి ఉంచే నరాల్లాంటి కట్లూ గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది. మోకాలూ పిక్కలూ దెబ్బతినేది ఈ మధ్యకాలంలోనే. అందుకే నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున మొదలుపెట్టి, వారానికి పదో వంతుకు మించకుండా పెంచుకోవాలి. రోజు విడిచి రోజు చాలు. వేగం ఎంతంటారా? పరుగెడుతూ పద్యపాదం ఒకటి మాట తెగకుండా చదవగలగాలి. అర్థశాస్త్రంవారికి పద్యాలు రావు కనుక, ఆయన పంచవర్ష ప్రణాళికలు వల్లిస్తారు. రెండో ప్రణాళిక దగ్గర రొప్పు వచ్చిందా, నడకే.

ముందుగా డాక్టరుకు గుండె చూపించుకోవడం తప్పనిసరి. వారి వంశంలో మరీను. ఇన్సులిన్‌గాని కొన్ని రకాల మాత్రలుగాని వాడేవారికి ఇంకో గండముంది. పరుగుతో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు, ఆగిన కొన్ని గంటలకు కూడా. చేతులు వణికి, చెమట పోసి, చూపు మసకబారితే వెంటనే ఆగి చక్కెర నోట్లో వేసుకోవాలి. ఛాతీ బిగిస్తే మాత్రం ఇంటిదాకా వెళ్దామనుకోకుండా అక్కడే కూర్చుని మనిషిని పిలవాలి. పాదాలకు స్పర్శ తగ్గినవారు రోజూ అరికాళ్ళు చూసుకోవాలి. బొబ్బ లేచినా తెలియదు. మన వేసవిలోనైతే తెల్లవారకముందే ముగించాలి.

మిత్రులు పూర్తి మారథాన్ మానుకుని, పది కిలోమీటర్లకు పేరిచ్చారు. వచ్చే ఏడు సగం మారథాన్, ఆపైది డాక్టరు చిత్తం. ఇల్లాలు రోజూ జేబులో చిన్న చక్కెర పొట్లం పెట్టి పంపుతోంది. ఆ పొట్లం సాయంత్రానికి ఖాళీ అవుతోందని ఆమె నిన్న మా ఆవిడతో చెప్పిందట. పరుగులోనే వాడానంటారాయన. కాలేజీ క్యాంటీన్‌లో టీ పోసే కుర్రాడు వేరే మాట చెప్పాడు.