గినియా పిగ్ కొనేముందు దాని కాళ్ల కింద ఏముంటుందో చూడండి



యాన్యువల్ ఎగ్జామ్స్ దగ్గర పడుతున్నాయి. "మంచి గ్రేడ్ తెచ్చుకో, అడిగింది కొనిపెడతాం" అని చాలా ఇళ్లలో ఈపాటికే మాట ఇచ్చేసి ఉంటారు. మా చిన్నప్పుడు ఆ మాట సైకిల్ గురించి ఉండేది. ఇప్పుడు నా క్లాసుల్లో పిల్లలు పెట్ గురించి చెబుతున్నారు. కుక్కపిల్ల అంటే అపార్ట్‌మెంట్‌లో కుదరదు. పిల్లి అంటే నానమ్మగారు ఒప్పుకోరు. చివరికి బేరం గినియా పిగ్ దగ్గర తెగుతుంది. చిన్నది, కరవదు, గోల చేయదు, ఒక పంజరం ఉంటే చాలని షాపులో చెబుతారు.

కొనవద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. మా ఇంట్లోనే రెండు ఉన్నాయి. కానీ కొనేముందు పెద్దవాళ్లే తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. దాని కాళ్ల కింద ఏం పరుస్తారు, దాన్ని ఎవరు మారుస్తారు? పిల్లలకి రెస్పాన్సిబిలిటీ నేర్పుతున్నామంటూ ఈ పనిని వాళ్ల మీద వదిలేయకూడదని నా అభిప్రాయం. అలా ఎందుకు అంటున్నానో చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది.

కిందటేడాది ఆరో తరగతి పిల్లల్ని 'మై పెట్' మీద ఒక పేరా రాయమన్నాను. ఒక అమ్మాయి తన గినియా పిగ్ గురించి రాసింది. అది చాలా బుద్ధిమంతురాలట. ఎక్కడికీ పరుగెత్తదట. రోజంతా ఒకే మూల కూర్చుంటుందట. కాళ్లు పట్టుకుంటే పాట పాడినట్టు కూస్తుందట. నేను రెండు స్పెల్లింగులు సరిచేసి, 'గుడ్' అని రాసి సంతకం పెట్టాను.

నెల తర్వాత పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్లమ్మగారు చెప్పారు. దాని వెనక అరికాళ్ల మీద పుండ్లు పడ్డాయని పశువుల డాక్టర్ చూపించారట. అది బుద్ధిగా ఉండి కూర్చోలేదు, నడవలేక కూర్చుంది. కూసింది పాట కాదు, నొప్పి. "శుభ్రం చెయ్యమని దీనికి వందసార్లు చెప్పానండీ, వింటేగా మేడమ్" అన్నారావిడ. ఆ అమ్మాయి తల దించుకుని నిలబడింది. నేనూ ఏమీ అనలేకపోయాను. అంత స్పష్టంగా రాసిన పేరాలో నేను చూసింది గ్రామర్ మాత్రమే.

తర్వాత తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ అమ్మాయి రోజూ ట్రే కడుగుతూనే ఉంది. పంజరం అడుగంతా ఇనుప తీగల జాలీ. 'రెట్టలన్నీ కింద ట్రేలో పడిపోతాయి, క్లీనింగ్ ఈజీ' అని అమ్మినవాళ్లు చెబితే పెద్దవాళ్లే కొన్నారు. ట్రే ఎన్నిసార్లు కడిగినా అది నిలబడేది తీగ మీదే కదా! తిట్లు మాత్రం పాపకి పడ్డాయి. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే, పేర్లు లేకుండా ఇది రాస్తున్నాను.

పుండు ఎందుకు పడుతుంది?

గినియా పిగ్‌కి పేరులో ఉన్న గినియా దేశంతో గానీ, పందితో గానీ సంబంధం లేదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ ప్రాంతం నుంచి వచ్చిన జంతువిది. ఎలుకలు, ఉడతల కోవలోది. ముందు కాళ్లకి నాలుగేసి, వెనక కాళ్లకి మూడేసి వేళ్లు ఉంటాయి. అరికాలి మీద బొచ్చు ఉండదు. పెద్దదయ్యాక దాదాపు కిలో బరువు తూగుతుంది. ఆ బరువంతా బొటనవేలంత పాదాల మీద పడుతుంది.

తీగల మీద నిలబెడితే ఆ బరువు పాదమంతా పరుచుకోకుండా సన్నటి గీతల మీద పడుతుంది. చర్మం ఎర్రబడి, గట్టిపడి, పగులుతుంది. తడి నేల కూడా అంతే చేటు చేస్తుంది. వానలో తడిసిన సాక్సులతో సాయంత్రం దాకా క్లాసులో కూర్చున్న పిల్లల కాళ్లు మీరు చూసే ఉంటారు. తెల్లగా నాని, ముట్టుకుంటే ఊడేలా ఉంటాయి. మూత్రంతో తడిసిన పక్క మీద రోజుల తరబడి ఉండే పాదం అలాగే నాని చిట్లుతుంది. ఆ సందులోంచి బ్యాక్టీరియా లోపలికి పోతుంది. వాపు, చెక్కు, పుండు, చీము వరసగా వస్తాయి. పట్టించుకోకపోతే ఇన్‌ఫెక్షన్ ఎముక దాకా వెళ్తుంది, ప్రాణం మీదికే రావచ్చు. డాక్టర్లు దీన్ని పోడోడెర్మటైటిస్ అంటారు. వాడుకలో బంబుల్‌ఫుట్ అంటారు.

ఒళ్లు బాగా వచ్చినా, గోళ్లు పెరిగి పాదం వంకరగా ఆనినా, తిరగడానికి చోటు లేకపోయినా ముప్పు ఎక్కువవుతుంది. విటమిన్ సి తక్కువైనా అంతే. మనలాగే గినియా పిగ్ కూడా తన ఒంట్లో విటమిన్ సి తయారు చేసుకోలేదు. అది అందకపోతే చర్మం బలహీనపడుతుంది, గాయం త్వరగా మానదు. షాపులో అమ్మే గింజల మిక్స్ ఒక్కటే పెడితే సరిపోదు. ఎప్పుడూ ఎండుగడ్డి అందుబాటులో ఉండాలి. రోజూ కొంచెం క్యాప్సికం, కొత్తిమీర పెట్టాలి. అప్పుడప్పుడు చిన్న జామముక్క ఇవ్వవచ్చు. మందులు కొట్టని చోట కోసిన గరిక కడిగి పెడితే ఇష్టంగా తింటాయి. విటమిన్ చుక్కలు నీళ్లలో కలిపితే వాటి బలం త్వరగా పోతుంది.

మరి ఏం పరచాలి?

ముందు అడుగు గట్టిగా, చదునుగా ఉండాలి. జాలీ పంజరం ఇప్పటికే ఇంట్లో ఉంటే దాని మీద అట్టముక్క వేసి ఊరుకోకండి. ఒక్క రాత్రిలో నానిపోతుంది. జాలీ తీసేయండి, లేదా నేల మీదే చుట్టూ అడ్డు కట్టండి. రెండింటికి కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చోటు కావాలి. ఉత్త టైల్స్ మీద వదలకండి, కాళ్లు జారతాయి.

ఉత్త న్యూస్‌పేపర్ పీల్చుకున్న తడిని పైనే ఉంచుతుంది. అది అడుగు పొరకి మాత్రమే పనికొస్తుంది. రంపపు పొట్టులో దుమ్ము ఎక్కువ. అది ఏ చెక్కదో మనకి తెలియదు. పైన్, దేవదారు లాంటి ఘాటు వాసన చెక్కల పొట్టు ఊపిరితిత్తులకి మంచిది కాదు. కోళ్ల ఫారాల్లో ఊక పోస్తారు కదా అని కొందరు అడుగుతారు. ఊక గరుకుగా గుచ్చుకుంటుంది, దుమ్మూ లేస్తుంది. వరిగడ్డి బిరుసుగా ఉండి కళ్లలో పొడుచుకోవచ్చు. టర్కీ టవల్ పైన పరిస్తే దాని నూలు ఉచ్చుల్లో గోళ్లు చిక్కుకుంటాయి.

మా ఇంట్లో మూడు పొరలు వేస్తాం. కింద న్యూస్‌పేపర్, మధ్యలో మడత పెట్టిన పాత టవల్, పైన ఫ్లీస్ దుప్పటి. ఫ్లీస్ తడిని కిందికి వదిలేసి పైన పొడిగా ఉంటుంది. కొత్త దుప్పటి మాత్రం అలా చేయదు. నాలుగైదు సార్లు ఉతికాక చెంచాడు నీళ్లు పోసి చూడండి. నీళ్లు కిందికి దిగితేనే పరచండి. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడకండి, అది వాడితే నీళ్లు మళ్లీ పైనే నిలుస్తాయి. రోజూ పొద్దున రెట్టలు ఊడ్చేయాలి. గడ్డి తినే మూలే ఎక్కువ తడుస్తుంది కనుక అక్కడ వేరే గుడ్డ వేసి రోజూ మార్చాలి. మొత్తం పక్క మూడు రోజులకోసారి మారుస్తాం. వానాకాలంలో ఆరవు కాబట్టి మూడు సెట్లు ఉంచుకున్నాం. ఇంత ఉతుకుడు మీ ఇంట్లో కుదరకపోతే కాగితంతో చేసిన మెత్తటి బెడ్డింగ్ రెండంగుళాల మందాన పోసి, తడిసినంత మేర రోజూ తీసేయవచ్చు.

ఇదంతా చదివి 'ఇంత పనా?' అనిపిస్తే, కొనకపోవడమే మంచిది. ఆ నిర్ణయంలో తప్పేమీ లేదు.

ఆదివారం అరికాళ్ల పరీక్ష

గినియా పిగ్ నొప్పిని దాచుకుంటుంది. వేటాడే జంతువులకి ఆహారమయ్యే చిన్న ప్రాణుల స్వభావమే అంత. కాబట్టి మనమే వెతకాలి. వారానికోసారి కింద కూర్చుని, ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక భాగం కింద పెట్టి ఒళ్లోకి తీసుకోండి. నాలుగు పాదాలూ వెలుగులో చూడండి. పాదం శుభ్రంగా, నునుపుగా ఉంటే సరే. కొన్నింటికి ముందు పాదాల పక్కన గట్టి చర్మం చిన్న ముల్లులా పెరుగుతుంది, అది మామూలే. ఎర్రదనం, మెరిసేలా సాగిన చర్మం, వాపు, చెక్కు, రక్తం కనిపిస్తే మాత్రం మామూలు కాదు. వంటింటి తూకం మీద బరువు కూడా చూడండి.

ఎర్రదనం కనిపించిన రోజే పక్క మార్చి డాక్టర్‌కి చూపించండి. వాపు, పుండు, కుంటడం ఉంటే అసలు ఆగవద్దు. చెక్కు ఊడదీయకండి. ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్ రాయకండి, నాకేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, పిల్లలకి వాడగా మిగిలిన యాంటీబయోటిక్ సిరప్ పోయకండి. మనకి మామూలుగా ఇచ్చే అమాక్సిసిలిన్ లాంటి మందులు నోటి ద్వారా ఇస్తే గినియా పిగ్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి, ప్రాణమే పోవచ్చు. అన్ని క్లినిక్కుల్లో చిన్న జంతువుల్ని చూడరు కాబట్టి ముందు ఫోన్ చేసి అడగండి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో కూడా కనుక్కోవచ్చు.

ఆ అమ్మాయి గినియా పిగ్‌కి కట్లు మార్చుకుంటూ నయం కావడానికి పది వారాలు పట్టింది. దాని ధర కన్నా చికిత్సకి ఎన్నో రెట్లు ఎక్కువ ఖర్చయింది. అయినా వాళ్లు వెనకాడలేదు. అందుకు ఆ తల్లిదండ్రుల మీద నాకు గౌరవం.

మరి పిల్లలకి బాధ్యత ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న న్యాయమైనదే. నేను చెప్పేది పని పంచమని. ఆకులు కడిగి పెట్టడం, బరువు రాయడం, 'ఇవాళ ఎందుకో కదలడం లేదు' అని గమనించి చెప్పడం పదకొండేళ్ల పిల్లలు చక్కగా చేస్తారు. పక్క మార్చడం, గోళ్లు కత్తిరించడం, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం పెద్దవాళ్ల పని. పిల్లలు మరిచిపోతే అమ్మానాన్నలు చేయాలి. 'నువ్వు చేయలేదుగా, చూడు ఏమైందో' అని ఒక ప్రాణి నొప్పిని పాఠంగా చూపించకూడదు. అలాంటి పాఠంలో పిల్లలకి మిగిలేది అపరాధభావమే.

1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా జంతువు ఎవరి సంరక్షణలో ఉంటే దాని బాగోగులు వాళ్ల బాధ్యతే అంటుంది. ప్రాణుల మీద దయ చూపడం మన రాజ్యాంగంలోని ప్రాథమిక విధుల్లో ఒకటని పిల్లలు సోషల్‌లో చదువుతారు. అది ఇంట్లో ఎలా ఉంటుందో చూపించవలసింది మనమే.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. గినియా పిగ్ ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. ఆరో తరగతిలో కొన్నది ఇంటర్ దాకా ఉండవచ్చు. బాబు హాస్టల్‌కి వెళ్లాక దాని పక్క ఎవరు మారుస్తారు? అది ఒంటరిగా ఉండే జంతువు కాదు, కనీసం రెండు ఉండాలి. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి వీటిని ఒంటరిగా పెంచకూడదని నిబంధనే ఉంది. రిజల్ట్స్ తర్వాత కొంటే సరిగ్గా మన ఎండల్లో ఇంటికి తెస్తారు. 28 డిగ్రీలు దాటితేనే వాటికి వడదెబ్బ భయం. బాల్కనీలో అస్సలు ఉంచకూడదు. కూలర్ తుంపర పడితే పక్క తడిసిపోతుంది. సెలవులకి మీరంతా ఊరెళ్తే ఎవరు చూస్తారు? వీటికి జవాబులు దొరికాకే మాట ఇవ్వండి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఏడో తరగతి. మొన్న తన పెట్ గురించి మళ్లీ రాసింది. అది సోఫా కింద నుంచి కిచెన్ దాకా పరుగెడుతోందట, పట్టుకోవడం కష్టమవుతోందట. ఈసారి మార్జిన్‌లో 'గుడ్' అని రాసి వదిలేయలేదు. 'కాళ్లు ఎలా ఉన్నాయి?' అని అడిగాను. మర్నాడు దాని కిందే జవాబు వచ్చింది. ఆదివారం వాళ్ల నాన్నగారు, తను కలిసి చూశారట. నాలుగూ బాగున్నాయట.

షాపుకి వెళ్లినప్పుడు పిల్లలు ఎలాగూ దాని ముఖమే చూస్తారు. మీరు మాత్రం ఆ పంజరం అడుగుని ఒకసారి చేత్తో తడిమి చూడండి.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్